ఎదురు వరుస మొక్కులు

మా చిన్నత్త పోయిందని వదిన ఫోన్ చేసినప్పుడు నేను హన్మకొండలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. "అమ్మ లేదే ఇగ," అన్నది. రాత్రి కొంచెం ఆయాసం వచ్చిందట. దవాఖానకు పోదామంటే "పొద్దుగాల చూద్దాం తియ్, ఇప్పుడెవర్ని లేపుతవ్" అన్నదట. పొద్దున చాయ్ తీసుకుపోతే లేవలేదు. చెప్పవలసినదంతా చెప్పాక కూడా వదిన ఫోన్ పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి, "దుకాణం ఎదురు వరుసోళ్లు అందరు వచ్చిండ్రే. అందరికన్న ముందు వాళ్లే వచ్చిండ్రు," అన్నది. ఆ మాటలో ఏడుపు కంటే భయం ఎక్కువ ఉన్నట్టు తోచింది. వదిన గొంతు నిజంగానే అట్లా ఉందో, నేనే అట్లా విన్నానో ఇప్పుడు చెప్పలేను.

అత్త మా నాన్నకు చిన్న చెల్లెలు. వరంగల్ పాత బజారులో బెల్లం దుకాణం ఆమెది. మామయ్య చిన్న వయసులోనే పోయాడు. షావుకారింటి ఆడది గల్లా మీద కూచోవడమేంటని చుట్టాలు నసిగితే, "మరి మీరొస్తరా రోజు పొద్దుగాల తాళం తియ్యడానికి?" అని అడిగిందట. ఎవరూ రామనీ అనలేదు, వస్తామనీ అనలేదు. మరుసటి రోజు నుంచి తాళం ఆమే తీసింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమెను ఆ గల్లా వెనకే చూశాను. తెల్లటి నేత చీర, చెంగు నడుముకు దోపి, వేళ్ల సందుల్లో ఎప్పుడూ బెల్లం జిగట. మా ఇంటికి వచ్చి నా బుగ్గ పట్టుకుంటే ఆ జిగట సాయంత్రం దాకా పోయేది కాదు.

దుకాణం ముందు రాతి అరుగు. అరుగు మీదికి పొడుచుకొచ్చిన టేకు దూలం. దూలానికి పెద్ద కాంటా. కాంటాకు ఒక దిక్కు బెల్లం పెట్టే పళ్లెం, ఇంకో దిక్కు గొలుసులతో కట్టిన పీట. ఆ పీట మనుషుల కోసం. మేడారం జాతర ఉన్న ఏడు, సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు ములుగు బస్సు ఎక్కే ముందు మా బజారుకు వచ్చేవాళ్లు. కోరిక తీరితే తమ ఎత్తు బెల్లం తల్లులకు ఇస్తామని మొక్కు. అమ్మవార్లకు పోయే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. జాతర దినాలలో అత్త దుకాణంలో ఆ ఒక్క మాటే చెల్లేది. ఎవరైనా మరిచిపోయి "బెల్లం ఎట్లిస్తున్నరు?" అంటే, "బెల్లం పక్క గల్లీల దొరుకుతది. మా దగ్గర బంగారం ఉన్నది," అనేది.

మనిషిని పీట మీద కూచోబెట్టి, రెండో దిక్కు ముద్దలు పేర్చుకుంటూ పోయేది. ముల్లు మధ్యకు రాగానే ఆపేది. బరువు మాత్రం పైకి చెప్పేది కాదు. కొత్తగా పెళ్లైన ఒకాయన భార్యను తూపించి, "ఎంతున్నది షావుకారమ్మా?" అని నవ్వుతూ అడిగాడు. "బంగారమంత ఉన్నది, తీస్కపో," అన్నది అత్త. బాగా లావాటి మనిషి వస్తే, "అన్నా, దూలం మా మామ కాలం నాటిది, జర మెల్లగ కూసో," అని ముందే నవ్వించేది, ఇంకెవరూ నవ్వే వీలు లేకుండా. చిక్కి శల్యమైన మనిషిని ఇంట్లోవాళ్లు ఎత్తుకొని తెచ్చి పీట మీద పెట్టినప్పుడు మాత్రం ఏమీ అనేది కాదు. ముద్దలు ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా పెట్టేది. ఏం మొక్కు, ఎందుకు మొక్కు అని ఎవరినీ అడిగేది కాదు. ఆమె దగ్గర తూగితే మాట బయటికి పోదని అందరికీ తెలుసు. ఇంత రాయడానికి కారణం ఈ సంగతే.

కిందటి వానాకాలం మా బజారు మొగదల ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. రోడ్డు వెడల్పు చేసి, రెండు దిక్కులా ఫుట్‌పాత్‌లు వేసి, చెట్లు నాటుతారట. అట్లా చేస్తే పాత దుకాణాల జాగాలో కాంప్లెక్సులు లేస్తాయట, బజారుకు మళ్లీ కళ వస్తుందట. నిజం చెప్పాలంటే నాకు ఆ బొమ్మ నచ్చింది. వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలిచే రోడ్డు అది. అంబులెన్స్ రాదు, ఫైరింజన్ రాదు. పండుగ ముందు ఆడపిల్లలు ఆ ఇరుకులో నడవాలంటే భుజాలు దగ్గరికి ముడుచుకోవాలి. ఈ మాటే అత్తతో అన్నాను.

"అబద్ధమా నువ్వు చెప్పేది? నిజమే," అన్నది. అద్దాలు పెట్టుకొని ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది. "కోడలా, ఇంతమందిని గీసిండ్రు గద. ఒక్కరి చేతుల సంచి లేదు సూడు. బజారుకు వచ్చి ఏం కొంటలేరు వీళ్లు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

తరువాత మీటింగు పెట్టారు, బజారు సంఘం వాళ్ల హాల్లో. కార్పొరేషన్ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ చిన్న వయసుది, ఓపిక ఉన్న మనిషి. రెండు వరుసల నుంచీ సమానంగా కోత పడుతుందని ఇప్పటికి అనుకుంటున్నామని, రోడ్డు నడిమి గీత ఇంకా ఖాయం కాలేదని, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పమని అన్నది. అందరూ ఒక్కసారే లేచారు. "కోత పడ్డంక మిగిలేది మంచమంత జాగ, అండ్ల కాంప్లెక్సు ఎట్ల లేస్తది మేడం?" అని ఒకరు. "లేస్తది, నీది కాదు, బిల్డరుది," అని ఇంకొకరు. అత్త అరుగు మీద గాజుల మలారం పెట్టుకొని కూచునే గాజులామె ఉండేది. ఆమెకు సొంత దుకాణం లేదు కాబట్టి ఆ హాల్లో కుర్చీ కూడా లేదు. గుమ్మం దగ్గర నిలబడి, "దుకాణాలోళ్లకు ఇంకింత జాగన్న మిగులుతది. అరుగే పోతే నేను యాడ కూసోవాలె?" అన్నది. ఆ ప్రశ్నకు ఇంజనీరమ్మ కాగితాలలో చూసుకుంది. కాగితాలలో అరుగు లేదు.

సంఘానికి పెద్ద బట్టల సేటు. ఆయన దుకాణం అత్త దుకాణానికి సరిగ్గా ఎదురు వరుసలో ఉంటుంది. ఆయన లేచి చెయ్యెత్తాడు. "ఒక్కరు గూడ ఒప్పుకోవద్దు. అందరం ఒక్క మాట మీద ఉందాం. సమ్మక్క తల్లి మీద ఒట్టు, నా దుకాణం దక్కితే వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట."

"నేను గూడ," అన్నారు ఇంకొకరు. "నేను గూడ." హాలంతా అదే మాట.

"అన్నా, నీ ఎత్తు బంగారమంటే లారీ మాట్లాడాలె!"

"ఇగ మనకెవరికి నష్టం లేదు గని, లాభం మాత్రం అత్తమ్మకే!"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. ఆ రోజు ఆ బజారంతా ఒక్కటిగా ఉందనే నేను ఇప్పటికీ నమ్ముతాను. అప్పటికే కొందరి లోపల ఇంకో లెక్క ఉందేమోనని అనుమానం వస్తుంది. కాని ఆ నవ్వు గుర్తుకొస్తే అనుమానం నిలవదు.

జాతర దగ్గరికొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను దుకాణంలో కూచొని అత్తకు మందుల చీటీ చదివి చెప్తున్నాను. ఎండకు బజారులో జనం పలచబడ్డారు. బట్టల సేటు రోడ్డు దాటి వచ్చాడు. అటూ ఇటూ చూసి అరుగు ఎక్కాడు.

"ఏందన్నా, ఇంత ఎండల?"

"జాతరకు పోవాలె గదక్కా. రష్ కాకముందే తూగుదామని..."

అత్త చేతిలో మందుల పట్టీ అట్లాగే ఉండిపోయింది. ఒక్క క్షణమే. తరువాత లేచి చెంగు దోపుకుంది. "కూసో," అన్నది. దూలం మీద జోకు వేయలేదు. ఆయన పీట మీద కూచున్నాడు. గొలుసులు కిర్రుమన్నాయి. ముద్ద మీద ముద్ద పెట్టుకుంటూ పోయింది. ఆ లావాటి మనిషి తల వంచుకొని తన చెప్పుల వైపే చూస్తున్నాడు. ముల్లు నిలిచింది.

దిగుతూ, "అక్కా, ఎవరికి..." అని నసిగాడు.

"మా కాంటాకు నోరు లేదన్నా. పో, పుణ్యం చేసుకో," అన్నది.

ఆయన వెళ్లాక చేతులు కడుక్కోకుండా కూచుంది. వేళ్ల మీద ఈగలు వాలుతున్నా కదలలేదు. రోడ్డు పని ఆగినట్టు ఎవరూ చెప్పలేదు. గడువు ఇంకా ఉంది. మరి ఈయన మొక్కు ఎట్లా తీరింది? నేను అడగకముందే అత్త అన్నది: "ఇది మొదటిది కాదే. స్టీలు సామాన్లాయన వచ్చిపోయిండు. మందుల దుకాణమాయన పెండ్లాంతోని వచ్చి తూగి పోయిండు. అంతా ఎదురు వరుసోళ్లే. మన వరుసల ఒక్కరు ఎక్కలేదు."

అప్పుడు నేను రోడ్డుకు ఆవలి దిక్కు చూశాను. అంతకు ముందూ చూశాను, కాని పట్టించుకోలేదు. బట్టల దుకాణానికి కొత్త రంగు వేస్తున్నారు. పక్కన కొత్త బోర్డు. ఇంకో రెండు దుకాణాల ముందు టైల్స్ దించి ఉన్నాయి. కూలగొట్టబోయే గోడకు ఎవరైనా రంగు వేయించుకుంటారా? కోతంతా మా వరుస మీదే పడేట్టు నడిమి గీతను ఇటు జరిపించుకున్నారన్నమాట. ఎట్లా జరిపించుకున్నారో, ఎవరి ద్వారా జరిపించుకున్నారో నాకు తెలియదు. తెలియనిది రాయను. జరిపించుకొని చప్పుడు కాకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కాని తీరిన మొక్కును జాతర దాటనివ్వాలంటే వాళ్లకు భయం. మనుషులను దాటవేయగలిగినవాళ్లు తల్లులను దాటవేయలేకపోయారు. వచ్చి ఎవరి దుకాణం పోతుందో ఆమె కాంటాలోనే కూచున్నారు, ఆమె చెప్పదని తెలిసి.

"మన వరుసోళ్లకు చెప్పత్తా. గడువు దాటితే ఏం చెయ్యలేరు," అన్నాను.

"ఏమని చెప్పాలె?"

"వీళ్లంతా తూగిండ్రని."

"కోడలా, ఆ పీట మీద ఆపరేషన్లైనోళ్లు ఎక్కిండ్రు. పిల్లలు కానోళ్లు ఎక్కిండ్రు. జైలుకు పోయి వచ్చినోడు ఎక్కిండు. పేరున్న ఇండ్లల్ల ఆడిపిల్లలు, ఏం మొక్కుకున్నరో తల్లికే తెల్వాలె, ముఖం కప్పుకొని వచ్చి ఎక్కిండ్రు. ఒక్కని సంగతి చెప్తే అందరి సంగతి చెప్పినట్టే గద?"

"వాళ్లు వేరు, వీళ్లు వేరు."

"పీటకు తెల్వదు గదనే."

నాకు కోపం వచ్చింది. గడువు గురించి, హక్కుల గురించి చాలా మాట్లాడాను. ఆమె విన్నది. చివరికి, "నీ మాట తప్పని నేనంటలేను," అన్నది. ఆమెతో వాదనలో ఉండే చిక్కు ఇదే. ఎదుటి మాట తప్పని ఎప్పుడూ అనేది కాదు. కాని చేయాలనుకున్నదే చేసేది.

గడువు ముందు చివరి మీటింగుకు నన్ను తోడు రమ్మన్నది. బట్టల సేటు ఎప్పటిలాగే ఒక్క మాట మీద ఉండాలని చెప్తున్నాడు. అత్త లేచి నిలబడింది.

"నాదొక్క ముచ్చట. మొక్కు తీరినోళ్లు ఎవరన్న ఉంటే చేతులెత్తుర్రి."

ఒక్క చెయ్యి లేవలేదు. స్టీలు సామాన్లాయన సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. బట్టల సేటు కండువాతో మెడ తుడుచుకున్నాడు. మా వరుసలోని ఒక టైలరాయన, పాపం మంచివాడే, "ఇంక రోడ్డు సంగతే తేలలె, అప్పుడే మొక్కులా? అత్తమ్మ గిరాకి కోసం అడుగుతాంది!" అన్నాడు. అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర గాజులామె కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

అత్త ఎదురు వరుసవాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. చేతులెత్తడానికి ఇంకొంత సమయం ఇస్తున్నట్టు. తరువాత కూచుంది. ఆమె చేసింది అంతే. ఆమె నియమానికి, మా వరుస బతుకుకు మధ్య ఆమెకు దొరికిన సందు ఆ ఒక్క ప్రశ్న. అది సరిపోయిందా? ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే? నేనైనా లేచి ఉంటే? ఇవి తేలని ప్రశ్నలు. నాకు నిద్ర పట్టనప్పుడు వస్తాయి, పట్టాక పోతాయి.

జాతర అయిపోయిన వారానికి ఎర్ర గీతలు వచ్చాయి. ఒక్క వరుసకే. మా వరుసకు. కొన్నిచోట్ల గోడ మీద కాదు, దుకాణం లోపలికి వచ్చి నేల మీద గీశారు. అత్త దుకాణంలో ఆ గీత గల్లాకు వెనక పడింది. అంటే ఆమె కూచునే చోటు రోడ్డులోకి పోతుంది. గీతకు ఆవల ఒక మనిషి నిలబడి, ఒక వరుస బస్తాలు పెట్టుకునేంత జాగా మిగులుతుంది. ఉగాది దాటాక మిషన్లు వస్తాయని చెప్పి పోయారు.

ఆ సాయంత్రం గాజులామె మలారం దించకుండానే అరుగు ముందు నిలబడింది. "నీకు తెల్సు గద అత్తమ్మా? ఆనాడు అందుకే అడిగినవ్ గద? నాకొక్క మాట చెవుల ఏస్తే నేను వేరే తాన జాగ పట్టుకుందును గద. ఇప్పుడు అందరు పట్టుకున్నంక నాకేం దొరుకుతది?"

అత్త ఆమెను కూచోమన్నది. ఆమె కూచోలేదు. "చెప్పకపోతి బిడ్డా," అన్నది అత్త. తప్పైందని గాని, తప్పు కాదని గాని అనలేదు. గాజులామె కొంతసేపు చూసి వెళ్లిపోయింది. మళ్లీ ఆ అరుగు మీద కూచోలేదు. ఆమె అడిగింది న్యాయమే. అత్త గురించి మంచి మాటలు రాయాలని కూచున్న నేను ఈ ఒక్క ముచ్చటను దాటిపోలేను.

అప్పటి నుంచి ఇంకొక మార్పు వచ్చింది. ఎదురు వరుసవాళ్లకు అత్త మీద మర్యాద పెరిగింది. పొద్దున్నే నమస్తేలు. బట్టల సేటు ఇంటి నుంచి ఇడ్లీ. మందుల దుకాణమాయన స్వయంగా వచ్చి బీపీ చూసేవాడు. "ఆరోగ్యం జాగ్రత్తక్కా," అనేవాళ్లు. ఆ మాట అంటూ ఆమె ముఖంలోకి చూసే తీరు నాకు బాగుండేది కాదు. ఆమె ఎంత కాలం ఉంటుందో లెక్క వేస్తున్నట్టు ఉండేది. బిల్డరు మనిషి కూడా ఒకసారి వచ్చాడు, మిగిలిన జాగా తమకు ఇచ్చెయ్యమని. "కూసునేదానికి జాగ లేకుంటే నిలబడి అమ్ముత, నువ్వు ఫికర్ చెయ్యకు," అని చాయ్ తాగించి పంపింది.

"వాళ్లంటే భయమైతలేదా అత్తా?" అని అడిగాను ఒకరోజు.

"నాకెందుకే? నేనున్నన్ని రోజులు వాళ్లకే నిద్ర పట్టదు," అన్నది. తరువాత తనే, "పాపం," అన్నది. ఎగతాళికి అనలేదు. నిజంగానే జాలిపడింది.

ఆమె ఉగాది చూడలేదు. ఆ రాత్రి ఎవరినీ లేపొద్దని చెప్పి పడుకుంది. వాళ్లకు ఇప్పుడు నిద్ర పడుతుందేమో. ఇది రాస్తూ ఆమె మాటను నేను తప్పుతున్నానా అని పదిసార్లు ఆగాను. పేర్లు రాయలేదు, బరువులు నాకు తెలియవు. కాని ఆమె నాకు ఎన్నడూ "ఎవరికీ చెప్పకు" అనలేదు. ఆ మాట నామీద పెట్టకపోవడం మరుపో, నమ్మకమో, నాకే వదిలెయ్యడమో, అడిగి తెలుసుకోవడానికి ఆమె లేదు. నాకు ఆమె నేర్పింది ఏమిటని ఎవరైనా అడిగితే, ఒక మనిషిని చేతికి దొరికినప్పుడు కూడా దొరకబుచ్చుకోకుండా వదలడం అని చెప్తాను. అది మంచిదేనా అంటే, మా వరుస గోడలను చూసి చెప్పమంటే, అవునని చెప్పలేను.

ఆ రోజు పొద్దెక్కాక పాడె లేచింది. మోయడానికి మొదట భుజం ఇచ్చింది ఎదురు వరుసవాళ్లే. వదిన వద్దనలేదు, నేనూ అనలేదు. బజారులో మనిషి పోతే దుకాణాలన్నీ మూయడం మావాళ్ల ఆనవాయితీ. రెండు వరుసల షట్టర్లూ దించారు. రోడ్డు మీద పెట్టిన సామాన్లు లోపలికి పోయాయి. బండ్లు లేవు, బుట్టలు లేవు, ఆటోలను మొగదలే ఆపారు. డప్పులు ముందు నడిచాయి. పేలాలు, బంతిపూల రెక్కలు, బుక్క గులాలు చల్లుకుంటూ మగవాళ్లు ముందుకు పోయారు. మేం ఆడవాళ్లం మలుపు దాకా వెళ్లి ఆగిపోయాం. డప్పు చప్పుడు దూరమయ్యాక నేను ఒక్కదాన్నే వెనక్కి నడిచాను.

ఆ బజారును అట్లా ఖాళీగా నేను ఎన్నడూ చూడలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తోంది. స్టీలు సామాన్ల దుకాణం నీడలో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, కార్పొరేషన్ వాళ్ల పసుపుపచ్చ జాకెట్లతో. పాడె పోతున్నప్పుడు కూడా వాళ్లు అక్కడే ఉన్నారు. చేతులు జోడించడం చూశాను. ఇప్పుడు అటూ ఇటూ చూసి రోడ్డు మీదికి వచ్చారు. ఒకతను మా వరుస గోడ పక్కన గొంతుక్కూచున్నాడు. ఇంకొకతను కొలత టేపు చక్రాన్ని విప్పుకుంటూ రోడ్డుకు అడ్డంగా వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. గులాలు మీద, పేలాల మీద ఆ టేపు తిన్నగా సాగుతూ వచ్చింది. నా దగ్గరికి వచ్చి అతను ఆగాడు.

"జర పక్కకు జరుగుతరా మేడం," అన్నాడు, చాలా మెల్లగా.

జరిగాను. టేపు నా కాళ్ల ముందు నుంచి ఎదురు వరుస దాకా పోయింది.